ఇంజన్ దించినాం, బండి అమ్మలేదు



ఈ పోస్టు పొడుగ్గా ఉంటుంది, తీరిక ఉన్నప్పుడు చదవండి. మన గ్రూపులో ఎక్కువగా నోటిఫికేషన్లు, కౌన్సెలింగ్ తేదీలు, హాస్టల్ సమస్యలు రాసుకుంటాం. ఈసారి మేం రాసేది పాత మోటారు సైకిల్ ఇంజన్‌ని ఇంటి దగ్గరే దించడం గురించి. ఇది ఇక్కడ రాయాల్సిన విషయమేనా అని మాలో మేమే అనుకున్నాం. కానీ మన గూడల్లో ఎన్ని ఇళ్ళ వెనక, ఎన్ని పశువుల శాలల్లో టార్పాలిన్ కప్పిన పాత బండ్లు పడి ఉన్నాయో మీకూ తెలుసు. రాజ్‌దూత్, యెజ్డీ, ఆర్.ఎక్స్. హండ్రెడ్, మొదటి రోజుల హీరో హోండా. వానాకాలంలో, ఇంట్లో చేతికి చిల్లర కూడా ఆడని రోజుల్లో, పాత సామాన్లు కొనేవాళ్ళు సరిగ్గా వస్తారు. రెండు వేలో మూడు వేలో చేతిలో పెట్టి పట్టుకెళ్ళిపోతారు. ఆ బండికి అసలు ఏమైందో అమ్మినవాళ్ళకి తెలీదు. కొన్నవాడికి తెలుసు. తేడా అంతా అక్కడే ఉంది.

మేం ముగ్గురం. డిగ్రీ అయి గ్రూప్స్‌కి చదువుతున్న పెద్దాడు, పాలిటెక్నిక్ మధ్యలో ఆపేసినోడు, ఇంటర్ చదువుతున్న చెల్లి. జాతాపోళ్ళం. మా గూడ సీతంపేట మండలంలో ఉంది. బండి మా తాతది, రాజ్‌దూత్ 175. తాత ఆశ్రమ పాఠశాలలో మాస్టారుగా చేసేవారు. 1984లో అప్పు పెట్టి కొన్నారు. మా కొండ వైపు మొట్టమొదటి మోటారు బండి అదేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆర్.సి. మీద జిల్లా శ్రీకాకుళం అని ఉంటుంది. బండీ కదల్లేదు, మేమూ కదల్లేదు గానీ, 2022 ఏప్రిల్ 4న మా మండలం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిపోయింది.

రాజ్‌దూత్ చూడని తమ్ముళ్ళ కోసం ఒక ముక్క. ఎస్కార్ట్స్ కంపెనీ 1960లలో పోలండ్ దేశపు ఎస్.హెచ్.ఎల్. ఎం11 అనే బండి డిజైన్ తీసుకొని మన దేశంలో చేసిన బండి ఇది. 173 సీసీ, ఒకటే సిలిండర్, టూ స్ట్రోక్, మూడు గేర్లు. 1973లో వచ్చిన 'బాబీ' సినిమాలో హీరో నడిపిన చిన్న బండి కూడా రాజ్‌దూతే, జి.టి.ఎస్. అనే రకం. కానీ ఊళ్ళకి వచ్చింది సినిమా బండి కాదు, ఈ 175. పాల క్యాన్లు మోసింది, ఎరువు బస్తాలు మోసింది, మాస్టార్లని, వి.ఎల్.డబ్ల్యూ.లని మోసింది. స్పీడు ఉండదు. రాళ్ళ దారి మీద మొండిగా ఎక్కుతుంది. మా తాత దాని మీద జీతం తెచ్చుకున్నారు, బడికి సుద్దముక్కలు తెచ్చారు, జ్వరమొచ్చిన పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టుకొని సీతంపేట ఆసుపత్రికి దించారు. తాత పోయాక మా సిన్నాన్న నడిపాడు. ఆరేళ్ళ కిందట ఆగిపోయింది.

ఆగిపోయిన దాన్ని ఇప్పుడెందుకు లేపాలి అంటే, కారణం మా దారి. గూడ నుంచి తారు రోడ్డుకి మట్టి దారి. మధ్యలో గెడ్డ. గెడ్డ దాటాక రాళ్ళతో నిట్టనిలువు ఎక్కుడు. ఎండల్లో బండి వస్తుంది, ఆటో రాదు. వానల్లో 108 తారు రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. పోయిన వానల్లో మా అత్తని డోలీలోనే దించాం. గెడ్డ ఇవతలి దాకా ఒక బండి ఉండుంటే సగం దూరం తగ్గేది. మా వైపు ఉన్న రెండు కొత్త బండ్లూ ఆ వారం కూలికి వెళ్ళినోళ్ళతో కిందనే ఉన్నాయి. అత్త బతికి ఇంటికొచ్చింది. ఆ రాత్రి తర్వాతే శాలలో బండి మీద కప్పిన టార్పాలిన్ తీశాం.

ముందు ఒక మెకానిక్ షాపుకి వెళ్ళాం. ఏ ఊరు, ఏ షాపు అన్నది చెప్పం. బండి చూడకుండానే, "రాజ్‌దూతా? అయిపోనాది బాబూ అది. తెచ్చి పడీయండి, మూడు వేలిస్తాను" అన్నాడు. అమ్మం, బాగు చెయ్యాలి అంటే పదహారు వేలు అన్నాడు, బండి రెండు నెలలు వదిలెయ్యాలన్నాడు. ఇంకో చోట అడిగితే, "ఈ ఇంజన్ తీసీసి వేరే ఇంజన్ ఎక్కించీద్దాం, చవగ్గా అయిపోద్ది" అన్నారు.

ఇక్కడ ఒక విషయం గుర్తు పెట్టుకోండి. ఇంజన్ మీద కొట్టి ఉండే నంబరు, ఆర్.సి.లో ఉన్న ఇంజన్ నంబరు ఒకటే కావాలి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఇంజన్ మార్చాలంటే రిజిస్టరింగ్ అథారిటీ అనుమతి ఉండాలి. అది లేకుండా ఎవరిదో ఇంజన్ ఎక్కిస్తే, చెక్‌పోస్టులో పట్టుకున్న రోజు దొంగ బండి నడిపినోళ్ళలా నిలబడేది మనమే, షాపువాడు కాదు. కొండ మీంచి వచ్చిన కుర్రాడి బండి కాయితాలు ఎంత జాగ్రత్తగా చూస్తారో మీకు చెప్పక్కర్లేదు.

"వింటేజ్ బండి కదా, దాచుకోండి" అని సలహా ఇచ్చినోళ్ళూ ఉన్నారు. చట్టంలో వింటేజ్ అంటే మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటాలి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన రూలు అది. అలాంటి బండికి నంబరులో వి.ఏ. అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు. అప్పుడు కూడా దాన్ని రోజువారీ పనికి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలు, రిపేరు లాంటి వాటికే. మా బండికి ఆ వయసు రాలేదు, వచ్చినా మాకు బొమ్మ కొలువు అక్కర్లేదు. మాకు కావాల్సింది మామూలు దారి: 15 ఏళ్ళ తర్వాత అయిదేసి ఏళ్ళకి రిజిస్ట్రేషన్ రెన్యువల్. దానికి బండి నడవాలి, బ్రేకులు పట్టాలి, నంబర్లు కలవాలి. ఫీజు బండి వయసుని బట్టి మారుతుంది, వెళ్ళేముందే కనుక్కోండి.

సరే, ఇంజన్ ఎందుకు దించాలి? అన్ని రిపేర్లకీ దించక్కర్లేదు. పిస్టన్, రింగులు, బోరు పని అయితే ఇంజన్ బండికి ఉండగానే హెడ్డూ సిలిండరూ విప్పి పట్టుకెళ్ళొచ్చు. కింద క్రాంకు, దాని బేరింగులు, ఆయిల్ సీళ్ళు పోతేనే మొత్తం దించాలి. ఇది తెలిస్తే సగం మోసం ఆగిపోతుంది.

టూ స్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోలూ గాలీ కలిసిన ఆవిరి ముందు కింద క్రాంకు గదిలోకి వచ్చి, అక్కణ్ణుంచి పైకి సిలిండర్లోకి వెళ్తుంది. అందుకని ఆ గది కుండకి మూత బిగించినట్టు బిగుతుగా ఉండాలి. క్రాంకుకి రెండు వైపులా ఉండే సీళ్ళు ఆ పని చేస్తాయి. గేరు వైపు సీలు పోతే గేరు ఆయిలు లోపలికి లాగి కాలుతుంది, పొగ ఆగదు, గేరు ఆయిలు తరిగిపోతుంది. మేగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి దూరుతుంది. అప్పుడు ఇంజన్ వేడెక్కిపోయి ఒక్కోసారి పిస్టన్ పట్టేస్తుంది. సిన్నాన్నని అడిగితే, ఆగిపోయే ముందు ఏడాదంతా పొగ చెప్పలేనంత వచ్చేదనీ, గేరు ఆయిలు ఎంత పోసినా తక్కువే ఉండేదనీ చెప్పాడు. మేగ్నెట్ మూత తీసి, ఆ చక్రాన్ని రెండు చేతులా పట్టుకొని పైకీ కిందకీ ఊపి చూశాం. కొద్దిగా ఆడింది. అది ఆడకూడదు. ఆడితే బేరింగు పోయినట్టే. అంటే పోయినవి బేరింగులు, సీళ్ళు. మొత్తం ఇంజన్ పోలేదు. ఈ ఒక్క పరీక్షకి పైసా ఖర్చు లేదు.

బండిని మొత్తంగా దించకుండా ఇంజన్ ఒక్కటే ఎందుకు పట్టుకెళ్ళామంటే రెండు కారణాలు. ఆగిపోయిన బండిని గెడ్డ దాటించి ఆ ఎక్కుడు ఎక్కించడం నలుగురి పని. రెండోది ముఖ్యం. బండి షాపులో వదిలేస్తే అది వాళ్ళ చేతిలో ఉన్నట్టు. నెలలు గడుస్తాయి, ఒక్కో సామానూ మాయమవుతుంది. ఇంజన్ ఒక్కటే పట్టుకెళ్తే పక్కన కూర్చొని చేయించుకోవచ్చు, నచ్చకపోతే భుజాన వేసుకొని ఇంకో షాపుకి పోవచ్చు.

మాకు ఉన్న సామాన్లు: పది-పదకొండు నుంచి ఇరవై-ఇరవై రెండు దాకా పానాల సెట్టు, ఒక బాక్సు పానా, ప్లగ్గు పానా, రెండు స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, సుత్తి, చెక్క ముక్కలు, లీటరు డీజిలు, పాత గుడ్డలు. సెట్టు మాది కాదు, పక్క గూడలో బోరింగు రిపేరు చేసే మావది. పని మొత్తం రెండు రోజులు పట్టింది. వరసగా చెప్తాం.

మొదట ఫొటోలు. నాలుగు వైపుల నుంచి, వైర్లు ఎక్కడెక్కడ దూరుతున్నాయో దగ్గరగా తీసుకోండి. మా చెల్లి ఇంకో పని చేసింది: ప్రతి వైరు జంటకీ ఒకే రంగు దారం కట్టింది. బోల్టుల కోసం గుడ్ల అట్ట పెట్టుకుంది. ఒక్కో గుంటలో ఒక్కో చోటి బోల్టులు, వాషర్లు, పక్కన పెన్నుతో పేరు. వారం తర్వాత ఎక్కించేటప్పుడు ఆ అట్టే మాకు పుస్తకం.

తర్వాత పెట్రోలు. కాక్ కట్టేసి, పైపు పీకి, ట్యాంకులో మిగిలింది డబ్బాలోకి పట్టి, ట్యాంకు తీసి దూరంగా పెట్టాం. శాలలో దీపం, పొయ్యి, చుట్ట ఏదీ లేకుండా చూసుకోండి. మన పెద్దోళ్ళు పని చూడ్డానికి చుట్ట వెలిగించుకునే వస్తారు. బతిమాలి దూరంగా కూర్చోబెట్టాలి. బ్యాటరీ వైర్లు తీసెయ్యాలి. కింద గిన్నె పెట్టి గేరు ఆయిలు వంపాలి. మా బండిలో వచ్చిన ఆయిలు గ్లాసుడు కూడా లేదు. మా అనుమానం అక్కడే నిజమైంది.

ఇప్పుడు చెప్పేది మాకు మావ నేర్పిన కిటుకు. ఇంజన్ బండికి ఉండగానే గట్టి నట్లన్నీ వదులు చేసుకోవాలి. మేగ్నెట్ నట్టు, ముందు చెయిన్ స్ప్రాకెట్ నట్టు, ప్లగ్గు. బండి బరువు ఇంజన్‌ని పట్టుకొని ఉంటుంది కాబట్టి పానాకి బలం దొరుకుతుంది. గేరులో వేసి, ఒకరు వెనక బ్రేకు తొక్కి పడితే స్ప్రాకెట్ నట్టు కదులుతుంది. ఇంజన్ నేల మీదకి వచ్చాక అదే నట్టు విప్పాలంటే ఇంజన్ మొత్తం మనతో పాటు తిరుగుతుంది. వదులు చేసి మాత్రం ఆపెయ్యాలి. మేగ్నెట్‌ని సుత్తితో కొట్టి ఊడదీయకూడదు, దానికి పుల్లరు కావాలి, అది షాపులో ఉంటుంది.

తర్వాత చెయిను. చెయిన్ లాకు ఉన్న లింకు పైకి వచ్చేలా చక్రం తిప్పి, ప్లేయరుతో లాకు తీస్తే చెయిను విడిపోతుంది. మళ్ళీ వేసేటప్పుడు లాకు మూసి ఉన్న కొస చెయిను నడిచే వైపు ఉండాలి. తిరగేస్తే దారిలో ఊడిపోతుంది. క్లచ్ వైరు, కార్బరేటరు, సైలెన్సరు బెండు. బెండు నట్టు దగ్గర ముప్పై ఏళ్ళ మసి గట్టిపడి ఉంటుంది, ముందు రాత్రే డీజిలు పోసి ఉంచండి. కార్బరేటరు తీసిన కన్నంలో, సైలెన్సరు తీసిన కన్నంలో శుభ్రమైన గుడ్డలు కుక్కెయ్యండి. ఒక్క చిన్న వాషరు లోపల పడితే అదే కొత్త రిపేరు.

చివరికి మిగిలేది ఇంజన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే బోల్టులు. ఫౌండేషన్ బోల్టులంటారు. వెనకవి వచ్చేశాయి. ముందుది రాలేదు. ఆరేళ్ళు చెమ్మలో నిలబడిన బోల్టు, కన్నంలో తుప్పుతో అతుక్కుపోయింది. పొడుగు పైపు తగిలించి బలంగా తిప్పేద్దామని పాలిటెక్నిక్ వాడు పైకి లేచాడు. అప్పటిదాకా గడప మీద కూర్చొని చూస్తున్న మా నాయినమ్మ అంది: "ఒరే, అడివి దుంప తవ్వినారేటి ఎప్పుడైనా? పీకితే ఇరిగిపోద్ది. సుట్టూ మట్టి వదులు సేసి, ఇటూ అటూ ఆడించాల. అదే వస్తాది."

అదే చేశాం. డీజిలు పోసి రాత్రంతా వదిలేశాం. పొద్దున్న ముందు బిగించే వైపు కొంచెం, వెంట్రుకవాసి అంత, తిప్పాం. తర్వాత విప్పే వైపు. మళ్ళీ బిగించే వైపు. మధ్య మధ్యలో డీజిలు. బోల్టు చివర మీద సుత్తి దెబ్బ నేరుగా వేస్తే మర పాడైపోతుంది. అందుకని నట్టుని కొస దాకా తిప్పి, పైన చెక్క ముక్క పెట్టి, దాని మీద మెల్లిగా తట్టాం. రెండు గంటలకి కదిలింది. మెకానిక్‌లు చెప్పేదీ ఇదే, నాయినమ్మ చెప్పిందీ ఇదే. ఆవిడ జీవితంలో పానా పట్టుకోలేదు. చేతి పని తెలిసినోళ్ళకి ఒక పని ఇంకో పనిలో పనికొస్తుంది. "మనకేటి తెలుసు, మనం కొండోళ్ళం" అని మన ఇళ్ళలో అలవాటుగా అనే మాట అబద్ధం.

ఇంజన్ కింద ముందే చెక్క దిమ్మలు పేర్చాం, బోల్టు పూర్తిగా లాగేటప్పుడు బరువు వాటి మీద ఆగేలా. ఒకరు ఫ్రేము పట్టుకుంటే ఇద్దరు ఇంజన్‌ని పక్కకి వాల్చి బయటికి తీశారు. పాతిక కిలోల బియ్యం బస్తా కంటే కాస్త ఎక్కువ బరువు అనిపించింది. ఎత్తేటప్పుడు నడుము వంచకండి, మోకాళ్ళు వంచండి. వేళ్ళు సిలిండర్ రెక్కల మీద కాదు, కింద గట్టి చోట పెట్టండి.

దించాక మొట్టమొదట చేసిన పని ఇంజన్ నంబరు గుడ్డతో తుడిచి, తెల్ల కాయితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోవడం. ఆర్.సి.తో కలిపి చూసుకున్నాం. షాపులో పెట్టే ముందు ఇంజన్ పక్కన ఆ కాయితం పెట్టి ఫొటో తీసుకున్నాం. మన ఇంజనే మనకి తిరిగి వచ్చిందని చూసుకోవడానికి.

తర్వాత దారి. ఇంజన్‌ని గోనెలో చుట్టి, తాళ్ళతో ఉట్టిలా కట్టి కర్రకి వేలాడదీశాం. కట్టింది సిన్నాన్న. డోలీ మోసిన చెయ్యి ఆయనది. తాడు పొట్టిగా ఉండాలి, పొడుగైతే ఊగి మోసేవాళ్ళని పడేస్తుంది. దిగుడులో పొడుగాటోడు ముందుండాలి. తాడు కర్ర మీద జారకుండా చిన్న గాటు పెట్టాలి. ఇవన్నీ ఆయనకి ఇంజన్ వల్ల తెలిసినవి కావు, మనుషుల్ని మొయ్యడం వల్ల తెలిసినవి. అది అత్తని మోసిన కర్రే. ఆ సంగతి ఎవరం పైకి అనలేదు.

ఈసారి వేరే షాపుకి వెళ్ళాం. ఇంజన్ బల్ల మీద పెట్టగానే ఆయన నట్లు చూసి, "ఎవరు దించినారు?" అని అడిగాడు. మా చెల్లిని చూపించాం. "ఏటే గుంటా, నువ్వేనా" అని నవ్వాడు. మేగ్నెట్ చక్రం ఆడుతోందని, గేరు ఆయిలు తరిగిందని, బోరు కొలిచి చూడమని చెల్లే చెప్పింది. ఆ తర్వాత ఆయన మాట మారింది. "ఇంజన్ అయిపోనాది" అన్న మాట రాలేదు. క్రాంకు బేరింగులు ఇంత, సీళ్ళు ఇంత, ప్యాకింగులు ఇంత, కనెక్టింగ్ రాడ్డు చూసి చెప్తాను, కూలి ఇంత అని విడివిడిగా లెక్క చెప్పాడు. మా ముందే విప్పాడు. రాడ్డు బాగుంది. బోరులో గీతలు లేవు, రింగులు మార్చితే చాలన్నాడు. మొత్తం 6,400 రూపాయలు అయింది. పదహారు వేలు అన్న చోట. పాత బేరింగులు, సీళ్ళు అడిగి ఇంటికి తెచ్చుకున్నాం. మార్చిన సామాను వెనక్కి అడగండి, అది మీ సొమ్ము. నిజంగా మార్చారని ఋజువు కూడా అదే.

ఈ లెక్క చూసినప్పుడు తాత చెప్పే మాటలు గుర్తొచ్చాయి. వెనకటికి సంతలో చింతపండు, కరక్కాయ, అడ్డాకులు షావుకారి కాటా మీద పెట్టేవాళ్ళం. కాటా ఎలా చూడాలో మనకి తెలీదు, ఎంతంటే అంత. ఆ మోసాన్ని తగ్గించాలనే 1956లో గిరిజన సహకార సంస్థ, మన జి.సి.సి., పెట్టారు. ఇప్పుడు మన పిల్లలకి కాటా చదవడం వచ్చు. కానీ బండి, మోటారు, ఫోను, సోలారు లైటు ఇవన్నీ ఇంకా షావుకారి కాటా లాగానే ఉన్నాయి మనకి. మూత లోపల ఏముందో తెలీదు కాబట్టి అవతలోడు ఎంతంటే అంత. మూత విప్పి చూడగలిగితే బేరం అక్కడే మారిపోతుంది.

ఎక్కించడం దించిన వరసకి సరిగ్గా తిరగేసి చెయ్యడమే. గుడ్ల అట్ట చివరి గుంటతో మొదలుపెట్టాం. బోల్టులన్నీ ముందు చేత్తో మర ఎక్కించి, అన్నీ కూర్చున్నాకే బిగించాలి. ఒకటి గట్టిగా బిగించేస్తే మిగతా కన్నాలు కలవవు. కిక్కు కొట్టే ముందు గేరు ఆయిలు పోశారో లేదో ఒకరు కాదు ఇద్దరు చూడండి. పెట్రోల్లో టూ టీ ఆయిలు కలపడం మరిచిపోకండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు వెయ్యకుండా, లాగకుండా నడపమని మెకానిక్ చెప్పాడు. పదకొండో కిక్కుకి లేచింది. ముందు డీజిలూ మసీ కాలి పొగ వచ్చింది, కాసేపటికి తగ్గింది. సిన్నాన్న చెవి పెట్టి విని, "గోల లేదు" అన్నాడు.

ఇప్పుడు రెండు మాటలు సూటిగా చెప్పాలి. ఒకటి, బండి లేచిందని మా గూడకి దారి వచ్చేసినట్టు కాదు. నొప్పులు పడుతున్న మనిషిని రాజ్‌దూత్ మీద దించకూడదు, దించలేం. జ్వరం పిల్లాడిని, పాము కరిచినోడిని గెడ్డ దాకా దించగలం, మందులు తేగలం, 108కి ఫోను సిగ్నలు దొరికే చోటికి త్వరగా చేరగలం. అంతే. రోడ్డు కోసం మేం పెట్టిన అర్జీ ఐ.టి.డి.ఎ.లో ఉంది, దాని వెంట తిరగడం మానలేదు. "మీకు బండి ఉంది కదా" అని ఎవరైనా అంటే ఒప్పుకోం. మీరూ ఒప్పుకోకండి.

రెండోది మా చెల్లి గురించి, తను రాయమంది కాబట్టి రాస్తున్నాం. ఇంటర్ అయ్యాక తను ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడు చేస్తానంటోంది. పదో తరగతి పాసైతే చాలు, రెండేళ్ళ కోర్సు. టూ వీలర్, త్రీ వీలర్ మెకానిక్ అని ఏడాది ట్రేడు కూడా ఉంది. ఇంట్లో నాన్న, "ఆడపిల్లకి ఆ మసి పనేటి, నర్సింగు చదువు" అంటున్నారు. మాలో ఇద్దరం తన వైపు, కానీ మాట గెలవలేదింకా. మన గ్రూపులో ఆ ట్రేడులో చదివిన అప్పలు ఎవరైనా ఉంటే, హాస్టల్ ఎలా ఉంటుంది, వర్క్‌షాపులో చెయ్యి పెట్టనిస్తారా, తర్వాత పని ఎక్కడ దొరికింది అనేది కింద రాయండి. నాన్నకి మేం చదివి వినిపిస్తాం. మా మాట కంటే మీ మాట వింటారు.

పానాల సెట్టు మావకి తిరిగి ఇచ్చేశాం. మా గూడలో, పక్క రెండు గూడల్లో ఇంటికి యాభై చొప్పున పోగు చేసి ఒక సెట్టు కొంటున్నాం. అది ఎవరింటికీ సొంతం కాదు, రాసి తీసుకెళ్ళి రాసి తిరిగి పెట్టాలి. లెక్క పుస్తకం చెల్లి దగ్గర ఉంటుంది. సీతంపేట, భామిని, కొత్తూరు, వీరఘట్టం వైపు ఎవరి శాలలోనైనా పాత బండి ఉంటే, అమ్మే ముందు ఒక్కసారి మేగ్నెట్ చక్రం ఊపి చూడండి, గేరు ఆయిలు కొలిచి చూడండి. ఏం కనిపించిందో ఫొటోతో ఇక్కడ పెట్టండి. ఆదివారాలు మేం ముగ్గురం ఖాళీ, చెప్తే వస్తాం. భోజనం మీది, డీజిలు మాది.

జోహార్.